పలక మీద పదహారు ఓం

ఆ రోజుల్లో మా వైపు ఏ వస్తువు పాతబడినా దానికి రెండే దారులు. పనికొస్తే ఇంట్లో ఉండేది, పనికిరాకపోతే పెంట మీదికి పోయేది. "వింటేజ్" అనే మూడో దారి ఒకటుందని నాకు డెబ్బై దాటాక, మొన్నీమధ్యనే తెలిసింది. మా ముందు గదిలో ఉన్న పాత సినిమా బూర (తెర వెనక ఉండే స్పీకరు, పెట్టెతో సహా) సంగతి ఎవరి దగ్గరో విని, హైదరాబాదు నుంచి ఒకాయన మార్కాపురం దాకా వచ్చి మా ఇల్లు పట్టుకున్నాడు. చెప్పులు బయట విప్పాడు (అంతవరకు మర్యాదస్తుడే). బూర చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాడు. వెనక్కి వెళ్లి, వంగి, టార్చి వేసి చూసి, "అంతా బాగుందండీ, ఈ వెనక బిగించిన రాయి మాత్రం ఒరిజినల్ కాదు. తీసేసి ఫైబర్ షీటు వేయించండి" అన్నాడు. నేను ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపేశాను. మజ్జిగ ఇచ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఆ పెట్టెలో అసలైనదంటూ ఉంటే ఆ రాయి ఒక్కటే. సంగతంతా చెబితే గానీ నా ఒళ్లు మంట చల్లారదు కాబట్టి చెబుతాను, వినండి.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. మా ఊరు మార్కాపురానికి దొనకొండ వైపు ఉన్న ఒక చిన్న పల్లె. మా నాయన పలకల గనిలో పనిచేసేవాడు. గనిలోంచి తీసిన నల్లరాతి దిమ్మను నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే అది పుస్తకం తెరుచుకున్నట్టు రెండుగా విడిపోయేది. అట్లా పొర తర్వాత పొర తీసుకుంటూ పోతే చివరికి బడిపిల్లలు రాసుకునే పలకంత పలచగా వచ్చేది. ఆ పనిలో ఆయన చేతికి తిరుగులేదు. అయితే రాతిని పగలగొట్టే మందుపేలుళ్ల పక్కన ఇరవై ఏళ్లు నిలబడినందుకు ఆయన చెవులు మాత్రం మెల్లమెల్లగా మూసుకుపోయాయి. నాయన మా చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం పంచె కట్టుకుని గుడిలో ముందు వరసలో కూర్చునేవాడు. అయ్యగారి (మా పాస్టరుగారిని ఊరంతా అట్లాగే పిలిచేది) పెదవులు ఆగినప్పుడల్లా గట్టిగా "ఆమెన్" అనేవాడు. చాలా ఏళ్లు అది సరిగ్గానే నడిచింది. ఒక ఆదివారం అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, "మన గుడి పైకప్పు ఈ వానాకాలానికి నిలిచేట్టు లేదు, కూలినా కూలుతుంది" అన్నారు. నాయన "ఆమెన్" అన్నాడు, మామూలు కంటే కొంచెం గట్టిగా.

గుడి గుడంతా నవ్వింది. నాయనకు నవ్వు వినబడలేదు గానీ, భుజాలు కదలడం కనబడింది. తర్వాతి ఆదివారం కాళ్లు లాగుతున్నాయన్నాడు. ఆ పై ఆదివారం ఏ కారణమూ చెప్పలేదు. అమ్మ ఉతికి మడిచిన పంచె ట్రంకుపెట్టెలో అట్లాగే ఉండిపోయింది. "పోరాదా, ఎన్ని వారాలు ఇంట్లో కూర్చుంటావు" అని అమ్మ సైగలతో అడిగితే, "నాకు వినపడేది నాకు ఈడనే వినపడుతుంది లే" అన్నాడు. గనిలో రాయి మీద పడినా నోరెత్తని మనిషి గొంతు ఆ రోజు కొంచెం పలచబడింది. అప్పుడు అనుకున్నాను, ఆయన గుడికి పోకపోతే పోనీ, గుడినే ఆయన దగ్గరికి తీసుకురావాలని. మా ఇల్లు గుడికి మూడో ఇల్లు. గుడిలో మైకు సెట్టు ఉంది, ఆదివారాల్లో దాన్ని నడిపేది నేనే. అక్కడి యాంప్లిఫయర్ నుంచి మా ఇంటికి ఒక తీగె లాగితే చాలు. కావలసినవి రెండే: తీగె తగిలించుకోవడానికి అయ్యగారి అనుమతి, నాయన చెవిలోకి దూరగల గొంతున్న ఒక స్పీకరు.

స్పీకర్ల విషయంలో నేను తక్కువవాణ్ని కాను. చదివింది ఆరో తరగతే గానీ, మార్కాపురం బజారులో శెట్టిగారి రేడియో, మైకు సెట్ల దుకాణంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కరెంటు విద్యంతా శెట్టిగారి నోటి నుంచి వింటూ, పాత కాగితాలు కూడబలుక్కుని చదువుతూ నేర్చుకున్నదే. స్పీకరు కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే లెక్క ఒకటుంటుంది కదా, దాన్ని శెట్టిగారు "నాలుగు ఓం, ఎనిమిది ఓం, పదహారు ఓం" అని చెప్పి, చెప్పిన ప్రతిసారీ రెండు కళ్లకూ వేళ్లు అద్దుకునేవారు. ఆ లెక్క చూసే మీటరుకు శుక్రవారం శుక్రవారం కుంకుమ బొట్టు పెట్టేవారు. "మా వాళ్లు ఏ పని మొదలు పెట్టినా ఓం అనే మొదలు పెడతారు అబ్బాయ్, సైన్సోళ్లు కూడా అంతే" అనేవారు. నేను నమ్మాను. నమ్మకపోవడానికి నా దగ్గర వేరే పుస్తకం ఏముంది?

పెండ్లిళ్లకు కట్టే మామూలు బూర నాయనకు వినబడుతుందని నాకు తెలుసు. ఒకసారి మా ఊరి పెండ్లిలో కడితే, అంత దూరాన కూర్చున్నవాడు తల తిప్పి "ఎవురురా ఆ పాడేది" అని అడిగాడు. బూరలో గొప్పతనం అరవడం కాదు, మాటను చెదరనీయకుండా ఒక్కచోటికి పంపడం. కానీ పెండ్లి బూరను ఇంట్లో పెడితే చెవిలో మేకు దిగ్గొట్టినట్టుంటుంది. ఇంటికి కావలసింది సినిమా తెర వెనక ఉండే పెద్ద బూర, గొంతు మెత్తగా ఉండేది. దొనకొండ దగ్గర ఒక టూరింగ్ టాకీసు మూతపడిందని విని పోయాను. దానికి కాపలాగా ఉన్న ఆపరేటర్ మామ పాడైపోయిన తన రేడియో నా ముందు పెట్టి, "దీనితో వార్తలు చెప్పించు, నీకు కావాల్సిన బూర తీసుకపో" అన్నాడు. సాయంత్రానికి రేడియో వార్తలు చెప్పింది. తెర వెనక మూడు బూరలున్నాయి. ఒకటి రంగు వేసి తళతళలాడుతోంది (రంగు కింద పగులు). మిగతా రెండింటినీ నేను మా అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్టే వేలి కణుపుతో కొట్టి చూశాను. ఒకటి ఖంగుమంది. ఒకటి దుప్పటి మీద కొట్టినట్టు దబ్ మంది. ఖంగుమన్నదాన్ని భుజానికెత్తుకోబోయాను.

"ఏంది అబ్బోడా, సంగటి వండుకుంటావా దాంట్లో" అన్నాడు ఆపరేటర్ మామ. "కుండయితే మోగాల. బూర మోగగూడదు. మోగాల్సింది పాట, రేకు గాదు. ఆ రెండోది తీసుకో. ఇరవై ఏండ్లు అందరి ఏడుపులూ దాంట్లోనుంచే ఏడ్చింది, ఒక్క పొద్దు గూడా గొంతు బొంగురు పోలే."

అంతకంటే మంచి పాఠం ఈ విద్యలో నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. దబ్ మన్నదాన్నే తీసుకున్నాను. నడుమెత్తు చెక్కపెట్టె ఒకటి, దాని మీద కూర్చునే రేకు బూర ఒకటి. పెట్టె రైల్లో గార్డు డబ్బాలో వచ్చింది, బూర నా ఒళ్లో వచ్చింది. నేను అటు తిరిగి బయటికి చూస్తుంటే, పక్కనున్న ఒక పెద్దమ్మ అదేదో గంప అనుకుని తన కోడిపెట్టను అందులో పెట్టింది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి ఎద్దులబండి ఎక్కించిన తర్వాత గానీ ఎవరూ గమనించలేదు. (ఆ పెద్దమ్మ స్టేషను బయట బండి దాకా నా వెంటపడి కోడిని తీసుకుంది. నన్ను దొంగ అంది. నేను దొంగను కానని యాభై ఏళ్లుగా అంటూనే ఉన్నాను, ఇక్కడా రాసి పెడుతున్నాను.)

బాగుచేయడానికి రెండు నెలలు పట్టింది. కిరసనాయిలు పోసి ఇటుక ముక్కతో తుప్పు గీకాను. రేకులో మిగిలిన కాస్త మోత కూడా చావాలని బయటివైపు గోనెపట్టా చుట్టి తారు పూశాను. ఆ వాసనకు అమ్మ పొయ్యి పెరట్లోకి మార్చుకుంది. కాలిపోయిన తీగెచుట్ట, అదే కాయిలు, విప్పి, వెంట్రుకంత రాగితీగె చుట్టు తర్వాత చుట్టు లెక్కపెడుతూ మళ్లీ చుట్టాను. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోయి మొదటికి వచ్చేది. మా అమ్మ రోజుకు నాలుగుసార్లు పలకరించేది. అయస్కాంతం సందులో ఇనుపరజను ఇరుక్కుని ఉంటే, వేడి సంగటి ముద్ద సన్నగా చేసి సందులోకి నొక్కి లాగితే రజనంతా దానికి అంటుకుని వచ్చేసింది. "తినే సంగటిని తీసుకపోయి ఇనుముకు పెడతావేందిరా" అని అమ్మ మూడు రోజులు నాకు సంగటి వేయలేదు, అన్నమే పెట్టింది. అది శిక్ష అనుకుందో ఏమో, మా ఇంట్లో అన్నం పండగనాడే. పెట్టె అతుకులకు జిగురు పెట్టి బరువు వేయాల్సి వస్తే, ఎందుకని అడక్కుండా నాయన గని నుంచి పలకలు మోసుకొచ్చి పేర్చేవాడు. ఇదంతా తన కోసమని ఆయనకు తెలియదు. చెబుదామంటే గట్టిగా అరిచి చెప్పాలి, అరిచి చెప్పేటంత ధైర్యం నాకు లేదు.

చివరగా మిగిలింది వెనకవైపు తీగెలు బిగించే చెక్క. అది చెదలు పట్టిపోయింది. పలకకు కరెంటు పారదు, నిప్పంటుకోదు, చెదలు పట్టదు. మార్కాపురంలో పుట్టి వేరే వస్తువు వెతుక్కోవడం ఎందుకు? నేను అడిగినట్టు వేలి మందం పలక ఒకటి నాయన ఏరి ఇచ్చాడు. దానికి మూడు బెజ్జాలు వేసి, లోపలి తీగెలకు ఒక్కో లెక్కకు ఒకటి చొప్పున మూడు బోల్టులు బిగించాను. గుడి యాంప్లిఫయర్ తీగెను పదహారు బోల్టుకే తగిలించాలి, తప్పు బోల్టుకు తగిలిస్తే రెండు నెలలు చుట్టిన కాయిలో, గుడివారి యాంప్లిఫయరో, ఏదో ఒకటి మాడిపోతుంది. అందుకని ఒక్కో బోల్టు కింద దాని లెక్క చెక్కాను. బలపంతో రాస్తే చెరిగిపోతుందని ఇనుపమేకుతో లోతుగా గీశాను: నాలుగు ఓం, ఎనిమిది ఓం, పదహారు ఓం. పుస్తకాల్లో మకారానికి పొల్లు పెట్టి "ఓమ్" అని వేస్తారని నాకు తెలియక కాదు, ఎక్కడో చూశాను. కానీ రాతి మీద మేకుతో మకారం, దాని మీద పొల్లు చెక్కి చూడండి ఎంత బాధో. సున్న అయితే ఒక్క తిప్పు.

శనివారం మధ్యాహ్నం అయ్యగారిని ప్రార్థనకు పిలిచాను. ప్రార్థన పెట్టించినట్టూ ఉంటుంది, తీగెకు అనుమతి అడిగినట్టూ ఉంటుందని. అయ్యగారు ముందు నుంచి చూసి మెచ్చుకున్నారు. బూరలో తల పెట్టి "హల్లో" అన్నారు. పక్కకు వచ్చారు, వెనక్కి వెళ్లారు. వంగి, పలక మీద వేలు పెట్టి చదివారు.

"ఏందిరా ఇది" అన్నారు మెల్లగా.

"పలక, అయ్యగారూ."

"పలక సంగతి గాదు. దాని మీద ఏం రాసినావు? అదీ ముమ్మార్లు."

నాకు అప్పటిదాకా తట్టనే లేదంటే నమ్మండి. నాలుగేళ్లుగా ఆ మాట అంటున్నాను, వింటున్నాను, అది శెట్టిగారి దేవుడి గదిలో మాట కూడానని ఒక్క క్షణమైనా తోచలేదు. "అది ఆ ఓం గాదు అయ్యగారూ, ఇది కరెంటు ఓం. పుస్తకంలో అయితే సున్న ఉండదు, పొల్లు ఉంటుంది" అన్నాను.

"సున్న తీసి పొల్లు పెడితే వేరే మనిషి అయిపోతాడా?"

"మనిషే అయ్యగారూ. ఒక జర్మనీ దొర పేరు అది. ఆయన కనిపెట్టిన లెక్క." ఈ ఒక్క ముక్కా నిజంగానే ఒక పాత కాగితంలో చదివాను. కానీ అయ్యగారి ముఖంలో ఏ మార్పూ లేకపోయేసరికి నా నోరు నా మాట వినలేదు. "ప్రొటెస్టెంటే" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"పుస్తకంలో ఉంది." పుస్తకంలో లేదు.

అయ్యగారు మంచివారు. నవ్వు ఆపుకోవడానికి కండువా మూతికి అడ్డం పెట్టుకున్నారు. "నేనొక్కణ్నే అయితే నమ్ముతా. రేపు ఈ తీగె గుడికి తగిలిస్తే సంఘమంతా వచ్చి దీని వెనకాల చూస్తారు. ఒక్కొక్కరికీ ఆ జర్మనీ దొర సాక్ష్యం చెప్తా కూర్చుంటావా? అవి చెరిపెయ్, తీగె లాక్కో" అన్నారు.

"చెరపను" అన్నాను. ఇరవై ఏళ్ల వయసు, రెండు నెలల చాకిరీ, పైగా సైన్సు. "రాసింది తప్పు గానప్పుడు ఎందుకు చెరపాల? చెరిపినా పోదు, మేకుతో చెక్కింది." ఇప్పుడు తలచుకుంటే నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది. నాయన వాక్యం వినాలా, నా అక్షరాలు నిలవాలా అంటే, ఆ నిమిషంలో నేను అక్షరాలే కావాలన్నాను. అయ్యగారు లేచి కండువా దులుపుకున్నారు. "అయితే తీగె సంగతి మర్చిపో" అన్నారు. అమ్మ గడపలో నిలబడి కొంగు నోట్లో పెట్టుకుంది.

ఇదంతా నాయన మూల మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. చూస్తున్నాడు అంతే, ఒక్క ముక్క వినబడలేదు. ఆయనకు కనబడిందల్లా అయ్యగారు పలకను వేలితో చూపిస్తూ తల అడ్డంగా ఊపడం, నేను మొండిగా నిలబడటం. పలకల మనిషికి పలకను చూపించి తల ఊపితే ఏమర్థమవుతుంది? లేచి వచ్చి, పలక అంచును బొటనవేలితో తడిమి, అయ్యగారి వైపు తిరిగి, ఊరంతా వినబడేట్టు అన్నాడు: "మందం ఎక్కువైంది అంటా ఉండారా అయ్యగారూ? నిజమే. నేను అప్పుడే అనుకుంటి. ఈనికి మందం సంగతి ఏం తెలుసు."

మేము రెప్ప వేసేలోపల ఆయన బోల్టులు తిప్పి పలక ఊడదీశాడు. మంచం కింద నుంచి ఉలి, సుత్తి తీసి, పలకను రెండు పాదాల మధ్య నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, ఒక్క దెబ్బ వేశాడు. పెద్ద దెబ్బ కూడా కాదు, తలుపు తట్టినంత. పైపొర అప్పడంలా విడివడి ఆయన చేతిలోకి వచ్చింది, మూడు ఓంలతో సహా, ఎక్కడా చిట్లకుండా. కింద మిగిలిన పలక నల్లగా, నున్నగా, బడిలో మొదటిరోజు పలకలా ఉంది. ఏ తీగె ఏ బెజ్జంలో ఉండిందో ఆ బెజ్జంలోనే పెట్టి దాన్ని మళ్లీ బిగించి, అయ్యగారిని చూసి "ఇప్పుడు సరిపాయనా" అన్నాడు.

అయ్యగారు "సరిపోయింది" అని తల ఊపారు. ఆ పొరను చేతిలోకి తీసుకుని కండువాలో చుట్టబోయారు. నేను మాత్రం నున్నటి పలక ముందు కూలబడ్డాను. మూడు బోల్టుల్లో పదహారు ఏది? రాసిపెట్టుకున్నదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? తీగెలు మూడూ ఒకే రంగు, మీటరు చూస్తే మార్కాపురంలో ఉంది, దుకాణానికి తాళం.

"అయ్యగారూ, ఆ పొర ఒక్క నిమిషం ఇయ్యండి. మళ్లీ పలక మీద ఆనించి, పదహారు ఏ బోల్టో చూసుకుంటా."

"ఇప్పుడే గదరా తీయించింది."

"లేకుంటే నాయన కోసం రెండు నెలలు చేసింది మాడిపోతుంది. గుడి యాంప్లిఫయర్ గూడా."

అయ్యగారు నన్ను చూశారు, నాయనను చూశారు. నాయన చేతులు కడుక్కుని, ట్రంకుపెట్టెలోంచి పంచె తీసి కట్టుకుంటున్నాడు, ప్రార్థన ఉందని. అయ్యగారు పొరను నా చేతిలో పెట్టారు. "నేను ప్రార్థన చేస్తా. కండ్లు మూసుకొని చేస్తా. నేను ఆమెన్ అనేలోపల నీ పని కానీ" అన్నారు. పొర అతికించినట్టు తన పలక మీద కూర్చుంది. పదహారు బోల్టు చూసుకుని నేను తీగె కొస తగిలిస్తున్నాను, అయ్యగారు ప్రార్థిస్తున్నారు. మా ఇంటి కోసం, వానల కోసం, గొడ్ల కోసం, గనిలో పనిచేసేవాళ్ల కోసం, గుడి పైకప్పు కోసం, చివరికి శెట్టిగారి దుకాణం కోసం కూడా. అంత పొడుగు ప్రార్థన ఆయన పెండ్లిళ్లలో కూడా చేయలేదు. నా చేతిలోని పట్టకారు కింద పెట్టిన చప్పుడు విన్నాకే "ఆమెన్" అన్నారు. పొర నా చేతిలోనే ఉండిపోయింది, ఆయన మర్చిపోయారు. (మర్చిపోయారనే ఇప్పటికీ రాస్తాను.)

తీగె సాయంత్రానికి లాగాము. అయ్యగారు గుడిలోకి వెళ్లి మైకు ముందు నిలబడి, మరుసటి రోజు చెప్పబోయే ప్రసంగమే, దేవుడు వెలుగునూ చీకటినీ వేరు చేసిన సంగతి, చెప్పడం మొదలుపెట్టారు. నాయన బూర ఎదురుగా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి మాటకే ఆయన మెడ నిటారయింది. అమ్మ ఏడుపు ఆపుకోలేక పెరట్లోకి పోయింది. పావుగంట అయ్యగారు చెప్పారు, పావుగంట నాయన కదల్లేదు. ఎక్కడ "ఆమెన్" అనాలో సరిగ్గా అక్కడ అన్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు. అయ్యగారు ఆత్రంగా ఇంటికి తిరిగొచ్చి, ఎట్లా ఉందని చేతులతో అడిగారు.

నాయన బూర అంచును వేలితో తుడిచాడు. అబద్ధమాడే అలవాటు లేని మనిషి. "ఇన్నేండ్లూ మీరు చెప్తా ఉండింది ఇదేనా అయ్యగారూ" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, తనవరకు గుసగుస అనుకుని, వీధి వీధంతా వినబడేట్టు, "నేను అనుకుంటా ఉండిందే బాగుండె" అన్నాడు.

నేను నేలలోకి దిగిపోవాలనుకున్నాను. అయ్యగారు మాత్రం మంచం మీద కూర్చుని, నాయన మోకాలు తట్టి, బూరకు పోటీగా అరిచారు: "నువ్వు ఏమనుకుంటా ఉంటివో చెప్పు పెద్దాయనా."

నాయన సిగ్గుపడుతూ చెప్పాడు. వెలుగూ చీకటీ మొదట ఒకే దిమ్మగా ఉండేవని, దేవుడు అంచున ఉలి ఆనించి, తొందరపడకుండా, గట్టిగా కొట్టకుండా, చిట్లకుండా రెండు పొరలుగా తీశాడని. గట్టిగా కొట్టి ఉంటే మనకు ముక్కలే మిగిలేవని. మరుసటి రోజు అయ్యగారు తను రాసుకున్నది పక్కన పెట్టి, ఇదే ప్రసంగంగా చెప్పారు. నాయన ఇంట్లో బూర ముందు కూర్చుని తన మాటలే తను విన్నాడు. అయిపోయిన తర్వాత ఆయన అన్న "ఆమెన్" మూడిళ్ల అవతల గుడిలో అందరికీ వినబడింది. దానికి తీగె అవసరం లేకపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదని ఆ వారమంతా నాకు చాలామంది చెప్పారు.

ఆ పెట్టె ఇప్పుడు మా ముందు గదిలో ఉంది, వెనక నాయన చీల్చిన పలకతోనే. ఓంలున్న పొర బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. మొన్న ఆ హైదరాబాదు ఆయన వెళ్లిపోయాక కోపం తగ్గక, పొర తీసి మనవరాలికి చూపించి ఈ కథంతా చెప్పాను. అది కథ విని నవ్వి, ఫోనులో ఏదో వెతికి, నా చెవి మిషను దగ్గరికి వంగి చెప్పింది: "తాతా, ఆ జర్మనీ ఆయన నిజంగానే ప్రొటెస్టెంటు." యాభై ఏళ్లు మోసిన అబద్ధం అది. ఎంతోమంది అయ్యగార్ల ముందు ఒప్పుకోవాలని నోటిదాకా వచ్చి మింగినది. నిజమని తెలిశాక అది లేని చోటు కొంచెం వెలితిగా ఉంది.

పొరను తీసుకుపోయి, మిగిలిన పలక మీద ఆనించి చూశాను. ఇప్పటికీ అతికించినట్టే కూర్చుంటుంది. నాయనతో చెప్పాలనిపించింది. గుసగుసగానే చెప్పాననుకున్నాను, "పుస్తకంలో ఉందంట నాయనా" అని. వంటింట్లోంచి మనవరాలు, "తాతా, వీధి చివరిదాకా వినబడింది" అంది.